రెంగనాయకి పెద్దమ్మ చదివిన చరిత్ర

మా పెద్దనాన్న గోపాలకృష్ణన్ ట్రాక్టరు మీదనుంచి పడి కాలు విరగ్గొట్టుకోకపోతే, మా పెద్దమ్మ రెంగనాయకి చరిత్ర పుస్తకం ముఖం చూసి ఉండేది కాదు. ఈ మాట ఆయనే అందరికీ చెప్తాడు, అదేదో తాను చేసిన ఘనకార్యమైనట్టు.

మాది కోవిల్‌పట్టికీ విరుదునగర్‌కీ నడుమ ఒక నల్లరేగడి ఊరు. పత్తి, మిరప, సజ్జ వేస్తాం. ఇంట్లో తెలుగు, ఊరు దాటితే తమిళం. మాలో చాలామందికి తెలుగు నోటి భాషే. నేను అక్షరాలు నేర్చుకున్నది తిరుపతిలో ఉద్యోగానికి వెళ్లాక. పెద్దమ్మ తమిళ బడిలో ఎనిమిదో తరగతి వరకు చదివింది. పెళ్లయి వచ్చాక ఆమె చదివిందల్లా ఎరువు మూటల మీది రాతలు, పెళ్లి పత్రికలు.

కాలు విరిగినప్పుడు పెద్దనాన్నను విరుదునగర్ ఆసుపత్రిలో చాలా రోజులు ఉంచారు. మంచం పక్కన కూర్చుని కూర్చుని పెద్దమ్మకు విసుగు పుట్టింది. వెనక వీధిలో ఒక గ్రంథాలయం ఉంటే, అక్కడ ఫ్యాను బాగా తిరుగుతుందని మధ్యాహ్నాలు పోయి కూర్చునేది. ఊరికే కూర్చుని లేచి పోతున్న ఈ మనిషిని గ్రంథాలయంలో పనిచేసే సెల్వరాణి గమనించింది. ఒకరోజు ఏమీ అడక్కుండానే ఆమె చేతిలో ఒక తమిళ పుస్తకం పెట్టింది. అది ఈజిప్టు దేశంలో పూర్వం మనుషులు ఎట్లా బతికారో చెప్పే పుస్తకం.

అందులో ఒకచోట నది గురించి రాశారు. వరద ఎంత ఎత్తుకు వచ్చిందో ఒడ్డున కట్టిన రాతిమెట్ల మీద కొలిచి, దాన్నిబట్టి ఆ ఏడాది రైతులు ఎంత పన్ను కట్టాలో నిర్ణయించేవారట. పెద్దమ్మకు నవ్వు ఆగలేదు. పుస్తకం పట్టుకుని ఆసుపత్రికి వచ్చి మొగుడికి చెప్పింది.

"విన్నారా? వేల ఏండ్ల కింద కూడా నీళ్లు చూసినాకే పన్ను ఏసినారంట. ఆ రైతులు యేమేం తిట్టుకున్నారో!"

"రాజులు బతికిందీ సచ్చిందీ మనకేంటికే?" అన్నాడు పెద్దనాన్న, గోడవైపు తిరిగి.

"రాజు గాదు, రైతు. వినండి."

ఆమె చదవడం మొదలుపెట్టింది. తమిళంలో చదివి, ఆయనకు తెలుగులో విడమరిచేది. పక్క మంచాల వాళ్లూ చెవులొగ్గారు. నాలుగు రోజులు పోయేసరికి, డాక్టరు కట్టు విప్పుతుండగా పెద్దనాన్న పళ్లు బిగించి అడిగిన మాట ఇది: "యేమే, ఆ రాజు సమాది కట్టినోళ్లు కూలి ఇయ్యలేదని పని నిలిపినారే, దాని తరవాత యేమయ్యింది?"

అట్లా పట్టుకుంది ఆమెను ఆ రుచి. ఊరికి వచ్చాక కూడా వదల్లేదు. విత్తనాలకు విరుదునగర్ పోయినా, మందులకు పోయినా సంచిలో గ్రంథాలయం పుస్తకం ఉండేది. యుద్ధాల పేజీలు త్వరగా తిప్పేసేది. కరువు వచ్చినప్పుడు జనం ఏం తిన్నారు, బావులు ఎవరు తవ్వారు, జబ్బులు వస్తే ఏం చేశారు, ఇవి మాత్రం రెండేసి సార్లు చదివేది. మా బంధువుల్లో కొందరికి, మేం పూర్వం తెలుగు నేల నుంచి రాజుల సైన్యంతో వచ్చినవాళ్లమని మీసం దువ్వడం అలవాటు. పెద్దమ్మ కాదనేది కాదు. "ఆ సైన్యానికి కూడు వండినోళ్లు ఎవరో, వాళ్లూ మనోళ్లే గదా. వాళ్ల సంగతీ చెప్పండి" అనేది.

ఇక చెప్పాల్సింది కరోనా వచ్చిన ఏడాది సంగతి. ఆఫీసు మూసేస్తే నేనూ ఊళ్లోనే ఉన్నాను, అంతా కళ్లారా చూశాను.

ఊరి మొగన సీమతుమ్మ కంప కొట్టి అడ్డం వేశారు. ఒక సాయంత్రం బాలచందర్ ఆ కంప అవతల వచ్చి నిలబడ్డాడు. చెన్నైలో కారు నడుపుకునే మా ఊరి అబ్బాయి. భార్య కలైవాణి, నాలుగేళ్ల కూతురు వెంట ఉన్నారు. కూరగాయల లారీలో సాత్తూరు దాకా వచ్చి, అక్కణ్నుంచి నడిచారు. ఇవతల పాతికమంది గుమిగూడారు. అందరికీ ముందు రామానుజం, ఒకప్పుడు పంచాయతీ అధ్యక్షుడు.

"వచ్చిన దోవనే పో అప్పా," అన్నాడాయన.

"యాడికి పొయ్యేది మామా? ఆడ గది ఖాళీ చేసేసినాము. బస్సు లేదు, రైలు లేదు."

"మా అమ్మకి ఎనబై దాటినాది. ఆమెకేమన్నా అయితే నువ్వు బదులు చెప్తావా?"

బాలచందర్ తల్లి ఉండేది ఒంటిగది ఇంట్లో, ఆమెకూ ఆయాసం. పాప నీళ్లు కావాలని ఏడుస్తోంది. ఎవరో కర్ర తీసుకుని ముందుకు కదిలారు.

పెద్దమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చి రామానుజం పక్కన నిలబడింది.

"మీరు చెప్పేది నిజమే అన్నా. అవ్వకి యేమీ కాగూడదు. బయం నాకూ ఉండాది. అయితే ఒక మాట. టీవీలో తెల్లారితే క్వారంటైన్, క్వారంటైన్ అంటాండారే, ఆ పేరు యాడనుంచి వచ్చిందో తెలుసునా?"

"ఈ యాళలో నీ బుక్కు కతలు ఏంటికి ఒదినా!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"ఈ యాళకే కావాల. ఆరునూరేండ్ల కింద ఇటలీ పక్క రేవుల్లో ప్లేగు వచ్చింది. ఓడలో వచ్చినోళ్లని నలబై దినాలు ఊర్లోకి విడవలేదు. ఆ నలబైకే ఆ పేరు. అయితే ఓడని తిరిగి సముద్రంలోకి తరమలేదన్నా. దూరంగా నిలిపి కూడూ నీళ్లూ అందించినారు. తరిమిన ఊర్లూ ఉండాయి. పరాయోళ్ల వల్లే జబ్బు వచ్చిందని కొట్టినారు, ఇండ్లు తగలబెట్టినారు. ఆడ జబ్బు తగ్గలేదు, పాపం మాత్రం మిగిలింది. రేపు మన మనవలు దీన్నీ చదవతారు. మన ఊరు ఏ పక్క నిల్చిందని ఉండాల?"

కర్ర పట్టుకున్నవాడు దాన్ని కిందికి దించాడు.

"ఓడ సరే," అన్నాడు రామానుజం, గొంతు తగ్గించి. "ఇక్కడ సముద్రం యాడ ఉండాది?"

"మా పత్తి కొట్టాం ఉండాది కదా, మోటరు బావి పక్కన. ఊరికి దూరం. నీళ్లుండాయి, కరెంటుండాది."

ఆమె ఇంకేదో చెప్పబోతుంటే పెద్దనాన్న కుంటుకుంటూ అప్పటికే చేను వైపు బయల్దేరాడు. చేతిలో చీపురు ఉంది.

ఆ ముగ్గురూ కొట్టంలో ఉన్నారు. గట్టు మీద అన్నం గిన్నెలు పెట్టి మేం వెనక్కి వస్తే, కలైవాణి వచ్చి తీసుకునేది. మొదటి పూట మా ఇంటి కూడే. మరునాడు రామానుజం ఇంటినుంచి సజ్జ సంగటి వచ్చింది, ఆ తర్వాత ఊరంతా వంతులు వేసుకుంది.

వారం లోపలే కలైవాణికి జ్వరం వచ్చింది. అంబులెన్సు విరుదునగర్ తీసుకుపోయింది. కరోనా అని తేలింది. ఊళ్లో మళ్లీ గుసగుసలు లేచాయి. పాప తల్లికోసం ఒకటే ఏడుపు. పెద్దమ్మ రోజూ పొద్దు వాలేవేళ గట్టు మీద నిలబడి, చేను అవతలికి వినబడేలా గొంతెత్తి కథలు చెప్పేది. ఏనుగుల్ని మంచుకొండలు దాటించిన సేనాపతి కథ ఆ పిల్లకు బాగా నచ్చింది.

"ఏనుగుకి సలి ఎయ్యలేదా అవ్వా?" అని అటునుంచి అరిచేది.

"ఏసింది పాపా! అయినా నడిచింది!"

ఆ మాటలు వినడానికి పొలాల నుంచి ఇళ్లకు పోయే ఆడవాళ్లు దూరందూరంగా నిలబడేవాళ్లు. కలైవాణి బాగై తిరిగి వచ్చింది. వాళ్ల నుంచి ఊళ్లో ఒక్కరికీ జబ్బు అంటలేదు. రామానుజం తల్లి ఈనాటికీ వాకిట్లో కూర్చుని వక్కాకు నమలుతూనే ఉంది. కొన్నాళ్లకు ఆయన కొడుకు విఘ్నేశ్వరన్ తిరుప్పూరు నుంచి బయల్దేరితే, ఆయనే మా ఇంటికి వచ్చాడు.

"కొట్టాం ఖాళీయా అమ్మా?"

"ఊడ్చి పెట్టినాము అన్నా," అంది పెద్దమ్మ. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఆమెలో నాకు అన్నింటికన్నా నచ్చింది అదే.

పోయిన నెల విరుదునగర్ గ్రంథాలయంలో పాఠకుల సభ జరిగింది. సెల్వరాణి పట్టుబట్టి పెద్దమ్మను మాట్లాడమంది. "నాకు నిల్చి మాట్లాడ రాదమ్మా" అంటూనే పట్టుచీర కట్టుకుని వచ్చింది. చివర కాలేజీ అమ్మాయి ఒకతె లేచి, చరిత్ర చదివితే మనకేం లాభం అని అడిగింది.

పెద్దమ్మ తమిళంలో చెప్పిన జవాబు నేను ఇట్లా రాసుకున్నాను: "లాభమని చదవలేదు తల్లీ, బాగుందని చదివాను. అయితే ఒకటి జరిగింది. మునుపు నా కష్టం నాకొక్కదానికే వచ్చిందని ఏడ్చేదాన్ని. ఇప్పుడు కష్టం వస్తే, ఇది దాటినవాళ్లు ఎందరో నాకు తెలుసు. వాళ్లలో ఎవరు మంచిగా దాటారో కూడా తెలుసు."

చప్పట్లు మొదలుపెట్టింది పెద్దనాన్నే. అంతటితో ఊరుకోక, పక్క కుర్చీలో ఉన్న ముక్కూముఖం తెలియని మనిషి భుజం తట్టి "నా భార్య" అని చెప్పాడు. ఆ తర్వాత వెనక్కి తిరిగి ఆ వరుసలో వాళ్లకూ చెప్పాడు.

తిరుగు బస్సులో ఆమె ఆయన్ను కోప్పడింది. "అంత మందిలో మానం తీసినారే!"

"నిజం చెప్పినాను. దాంట్లో యేముండాది?" అన్నాడాయన.

ఆమె కిటికీ వైపు తిరిగిపోయింది. నేను వెనక సీట్లో ఉన్నాను. అద్దంలో ఆమె నవ్వు కనబడుతూనే ఉంది.