రేసుబండి చక్రానికి పెట్టిన బొట్టు

మొన్న ఆయుధపూజనాడు మా అన్న ఇంట్లో, షోరూము నుంచి వచ్చి వారమైనా కాని కారు చక్రాలకి బొట్లు పెట్టమని గంధం గిన్నె నా చేతికిచ్చారు. మూడు చక్రాలకి పెట్టి ఎడమవైపు ముందు చక్రం దగ్గరికి వచ్చేసరికి, డెబ్భై దాటిన ఈ వయసులో కూడా, ముందు నట్లవైపే చూశాను.

మన ఈడువాళ్లకి గుర్తుండే ఉంటుంది, మా కోయంబత్తూరు పక్కన అన్నూరు దాటాక విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే మీద ఏడాదికొకసారి రేసు జరిగేది. చక్రాలు నాలుగూ బయటికే కనిపించే, ఒక్క మనిషి మాత్రం ఇరుక్కుని కూర్చునే ఆ బండ్లని కోయంబత్తూరు వర్క్‌షాపుల్లో మనవాళ్లే సొంతంగా చేసుకునేవాళ్లు. మా నాయన నీళ్ల పంపులు చేసే షెడ్డులో ఒక మూల, అన్న రెండేళ్లు తిండి ధ్యాస కూడా లేకుండా అలాంటిదొకటి చేశాడు.

ఆ యేడు రేసు విజయదశమినాడు పడింది. ముందురోజు ఆయుధపూజ, ఎడమ ముందు చక్రం విప్పి ఉండగానే నాయన పనిముట్లన్నీ పూజలో పెట్టించేశాడు. మర్నాడు హారతి ఇచ్చేదాకా వాటిని ఎవరైనా ముట్టుకుంటే ఆయన ఊరుకునే మనిషి కాదు. సరే, పొద్దున్నే స్పానరుతో బిగించుకోవచ్చని, అన్న నా అరచేతిలోంచి ఒక్కొక్క నట్టూ తీసుకుని వేళ్లతోనే తిప్పి వదిలేశాడు. నేను వాటిమీద గంధం పెట్టి కుంకుమ అద్దాను.

తెల్లవారాక షెడ్డులో పనిచేసే మేస్త్రి బిగించి ఉంటాడని అన్న అనుకున్నాడు, అన్నే బిగించాడని మేస్త్రి అనుకున్నాడు. ఇది నాకు తర్వాత తెలిసిన సంగతి. రన్‌వే పక్కన సవుకుకర్రల కంచె వెనక ఆడవాళ్లతో నిలబడి, బండ్లు వరసలోకి వస్తుంటే నేను చూసుకున్నది నా బొట్లనే, ఆ చక్రం నట్లు నాలుగింటి మీదా చెక్కుచెదరకుండా ఉన్నాయి. ముందు మురిసిపోయాను, దాచడమెందుకు. ఆ వెంటనే అసలు సంగతి తట్టింది. స్పానరు పడిన నట్టు మీద గంధం అంత నిండుగా ఎలా నిలుస్తుంది?

అరిచాను. ఇంజన్ల హోరులో నా గొంతు నాకే వినపడలేదు. జెండా పట్టుకున్నాయన చెయ్యి పైకి లేచింది. కంచె కిందనుంచి దూరి, ఓణీ మేకుకి తగులుకుని చిరిగినా ఆగకుండా పరిగెత్తి, అన్న బండికి అడ్డంగా నిలబడ్డాను. జెండా దిగింది, మిగతా బండ్లు నాకు రెండు పక్కలనుంచీ దూసుకుపోయాయి, ఆ గాలికి నిలదొక్కుకోలేక అన్న బండి మీదే పడ్డాను.

కొట్టడానికన్నట్టే దిగాడు అన్న. నేను చక్రం చూపించాను. వంగి రెండు వేళ్లతో నట్టు పట్టుకున్నాడు, అది సులువుగా తిరిగింది. అతని మొహం పాలిపోయింది.

"నాయన కాడ చెప్పొద్దు అమ్మణీ," అన్నాడు మెల్లగా. "స్పానర్లు పూజలో పెట్టింది ఆయనే గదా, తెలిస్తే తాంగలేడు, తట్టుకోలేడు."

అందుకని చెల్లెలు భయపడి అడ్డం పడిందనే మాట ఖాయమైంది. మరుసటి ఏడు రేసు పెట్టలేదు, ఆ తర్వాతా లేదు, అన్నకి ఇంకో అవకాశమూ రాలేదు. ఇంటికి ఎవరొచ్చినా నాయన, ఈ పిల్ల పిరికితనం లేకుంటే నా కొడుకు గెలిచేవాడని చెప్పేవాడు, నేను వాళ్లకి కాఫీ అందించేదాన్ని. కడదాకా అంతే.

ఆ రన్‌వే మీద ఇప్పుడు ఇళ్లు లేచాయి, మా ఇళ్లలో చక్రం విప్పడం తెలిసినవాళ్లూ లేరు. మొన్న మాత్రం నేను ఎడమ చక్రానికి బొట్లు పెట్టాక అన్న కర్ర ఆనించుకుని కష్టంగా వంగి, నా బొట్లు చెరిగిపోతున్నా సరే, ఒక్కొక్క నట్టూ వేళ్లతో తిప్పి చూశాడు. ఏ నట్టూ కదల్లేదు. తలెత్తి నన్ను చూసి, గోడమీద నాయన పటాన్ని చూసి, లోపలికి వెళ్లిపోయాడు. చెప్పకపోవడమే మంచిదైందని నాకూ తెలుసు. అయినా "నా కూతురు పిరికిది కాదు" అని నాయన నోట ఒక్కసారైనా వినాలని నాకు ఇప్పటికీ ఉంది.