కంది చేనులో నాటిన కొమ్మ

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు మా చిన్నాయిన తన కంది చేనులో గంజాయి కొమ్మ నాటాడు. అమ్ముకోవడానికి కాదు, చిన్నమ్మ నొప్పి కోసం.

చిన్నమ్మకు గర్భసంచిలో క్యాన్సర్. హైదరాబాద్ దవాఖానలో చూడాల్సినంత చూసి, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. వాళ్లిచ్చిన మాత్రలు మొదట్లో పనిచేశాయి. తరువాత వేసుకున్నా, వేసుకోకపోయినా ఒకటే అయింది. పగలంతా గోడవైపు తిరిగి, మంచం పట్టెను పట్టుకుని పడుకునేది. అరిచేది కాదు. అరిస్తేనే నయమని మాకనిపించేది.

నేనప్పుడు నకిరేకల్‌లో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేదాన్ని. ఆదివారం వచ్చిందంటే బస్సెక్కి వాళ్ల ఊరికి పోయి, చిన్నమ్మకు తల దువ్వి, బట్టలు ఉతికి వచ్చేదాన్ని. చేయడానికి ఇంట్లో వేరే ఆడమనిషి లేదు. వాళ్లకు ఒక్కగానొక్క బిడ్డ, నాకు చెల్లె వరుస. పదో తరగతిలో ఉండగా జ్వరమొచ్చి చనిపోయింది. ఆ తరువాత ఆ ఇంట్లో ఆ పిల్ల పేరు ఎవరూ ఎత్తలేదు. గోడకు ఫోటో కూడా పెట్టలేదు.

కొమ్మ తెచ్చింది చిన్నమ్మ తమ్ముడు. ఆయన గొర్రెలు కాస్తాడు. మందలో గొర్రెకు కడుపుబ్బితే ఇంత ఆకు నూరి తాగించడానికి ఆయన గుడిసె వెనక ఒక చెట్టు ఎప్పుడూ ఉండేదట. తడిగుడ్డలో చుట్టిన కొమ్మలను చిన్నాయిన చేతిలో పెట్టి, "బావా, నాకు గింతకన్న ఏం తెలువది. జర నిద్రన్న పడ్తది" అన్నాడు.

"ఎవరికన్న తెలిస్తే?"

"తెలిస్తే నా పేరు చెప్పు."

చిన్నాయిన పగిలిన కుండలో మన్ను పోసి ఆ కొమ్మలు గుచ్చాడు. ఆ ఏడు చలి గట్టిగా ఉంది. పొద్దుగూకగానే కుండ మీద గోనెసంచి కప్పేవాడు, ఎండెక్కాక తీసేవాడు. చిన్నమ్మ మీద దుప్పటి సర్దిన చేతులతోనే ఆ సంచి కూడా సర్దేవాడు. కొమ్మలన్నీ నల్లబడి వాడిపోగా ఒక్కటి చిగురేసింది. దాన్ని తీసుకుపోయి చేనులో ఒక మూల నాటాడు. కంది కోత అయిపోయినా ఆ మూల నాలుగు సాళ్లు కోయకుండా వదిలేశాడు. దారిన పోయేవాళ్లు అడిగితే విత్తనాలకని చెప్పేవాడు.

ఆ ఆకు వేసి కాచిన పాలు తాగిన తరువాత చిన్నమ్మను నేను మొదటిసారి చూసింది ఒక ఆదివారం మధ్యాహ్నం. ఆమె గోడవైపు లేదు. వాకిలి వైపు తిరిగి పడుకుని ఉంది. నన్ను చూసి నవ్వింది.

"బిడ్డా, బడి ఎప్పుడిడిశిండ్రు?"

నా బడి గురించే అనుకుని, "ఇయ్యాల ఆదివారం గద చిన్నమ్మా" అన్నాను.

"చిన్నమ్మ ఏందే? అమ్మా అనరాదా?" అని, మా చెల్లె పేరు పెట్టి పిలిచింది.

చిన్నాయిన గడపలో గిలాస పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇన్నేళ్లకు ఆ ఇంట్లో ఆ పేరు వినబడటం అదే మొదలు. ఆయన నావైపు చూశాడు. కాదనమని గానీ, అవుననమని గానీ ఆ చూపులో లేదు. నేను మంచం పక్కన కూచుని, "ఇప్పుడే ఇడిశిండ్రమ్మా" అన్నాను.

ఆ రోజు నుంచి నేను పోయినప్పుడల్లా ఆమెకు నేను ఆ పిల్లనే. తిన్నవా అని, పరీక్షలెట్ల రాసినవని అడిగేది. నన్ను కింద కూచోబెట్టుకుని రెండు జడలు వేసేది. మా చెల్లె వేసుకున్నట్టే రెండు జడలు. నొప్పి లేని ఆ కాసేపు ఆమె ముఖం చూస్తే నాకు సంతోషంగానే ఉండేది. బస్సులో తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఆ జడలు విప్పడానికి భయమేసేది.

ఒకసారి నా నుదుటి మీద చెయ్యి పెట్టి, "జరం తగ్గిందా?" అని అడిగింది.

"తగ్గిందమ్మా."

"మల్ల చెప్పవేందే మరి? మీ నాయిన చేనుకాడికి పోయి ఏడుస్తుండు."

చిన్నాయిన ఏడవగా మేమెవ్వరం చూడలేదు. బయట అరుగు మీద కూచున్న ఆయన ఆ మాట విన్నాడు. లేచి, చెప్పులు వేసుకోకుండానే వీధిలోకి నడిచి పోయాడు.

ఎండలు ముదరకముందే చిన్నమ్మ పోయింది. నిద్రలోనే పోయింది. దినాలైన నాడు చుట్టాలందరూ వెళ్లాక చిన్నాయిన నన్ను పిలిచి, "నేను లేనప్పుడు నీతోని ఇంకేమేం మాట్లాడింది?" అని అడిగాడు. గుర్తున్నదంతా చెప్పాను. చెప్పిందే మళ్లీ చెప్పించుకున్నాడు.

ఆ మూలనున్న చెట్టును పీకేశాడనే అనుకున్నాం. పీకలేదు. వానలు పడ్డాక దాని కొమ్మలే విరిచి కొత్త కంది సాళ్ల మధ్య నాటాడు. నాకు తెలిసి పోయి అడిగాను.

"ఇప్పుడెవరికోసం చిన్నాయినా?"

ఆయన చిన్నమ్మ మంచం మీదే కూచుని ఉన్నాడు. "ఆమెకు పిల్ల కనవడ్డది గద బిడ్డా. నాకెందుకు కనవడది?"

"కనవడ్డదా?"

"లే. తాగితే నిద్రొస్తాంది, గంతే."

ఇక మానుకొమ్మని బతిమాలాను. తలూపాడు గానీ మానలేదు. ఆ ఏడే నాకు పెళ్లయి మహబూబ్‌నగర్ వచ్చేశాను. కంది పూతకు వచ్చే వేళకు ఎవరో చెప్పినట్టున్నారు, ఎక్సైజ్ వాళ్ల జీపు చేను గట్టున ఆగింది. చెట్లన్నీ పీకించి, ఆయన్ను ఎక్కించుకుని పోయారు. కొమ్మ ఎక్కడిదని ఎంత అడిగినా బావమరిది పేరు చెప్పలేదట.

బెయిలు మీద బయటికొచ్చి, ఊరికి పోకుండా నేరుగా మా ఇంటికే వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. మా ఆయన పనికి పోయాడు, ఇంట్లో నేనొక్కదాన్నే. అన్నం, పచ్చిపులుసు పెట్టాను. రెండు ముద్దలు తిని ఆగాడు.

"బిడ్డా, ఒక్కపారి ఆ పిల్ల లెక్క మాట్లాడు. మీ చిన్నమ్మతోని మాట్లాడినట్టు."

చిన్నమ్మ ఆ పిల్లను నాలో నిజంగా చూసింది, నేను జవాబు చెప్పానంతే. ఈయనకు నేనెవరో తెలుసు. తెలిసి అడుగుతున్నాడు. కళ్లు మూసుకుని ఎదురు చూస్తున్న ఆ ముఖం చూసి ఉండబట్టలేక, "బాపూ, జర తిను. మెతుకులట్లనే ఉన్నయి" అన్నాను.

కళ్లు తెరిచాడు. "అది నన్ను బాపు అనకపోయేది. నాయినా అనేది."

అది నాకు తెలియని సంగతి కాదు. నా నోటికి మా బాపును పిలిచే మాటే వచ్చింది. సరిదిద్దుకోబోతే చెయ్యి అడ్డం పెట్టి, "వద్దు, చాలు" అన్నాడు. కంచంలో ఉన్నదంతా తిన్నాడు.

కేసు చాలాకాలం నడిచింది. కోర్టుకు తిరగడం అయిపోయాక చిన్నాయిన చేనును పత్తికి కౌలుకిచ్చి, బావమరిది మందతో పోయాడు. ఇప్పటికీ వాళ్లతోనే తిరుగుతున్నాడు. మంద మా పాలమూరు దిక్కు వచ్చినప్పుడు మా ఇంటికి వస్తాడు. నా పిల్లలకు రేగుపండ్లో, సీతాఫలాలో తెస్తాడు. గొర్రెల ముచ్చట్లు చెబుతాడు. ఆ కోరిక మళ్లీ ఎన్నడూ కోరలేదు. కానీ తినడమయ్యాక, చెయ్యి కడుక్కున్నాక, వెంటనే లేవడు. ఏదో వినాలన్నట్టు తల కొద్దిగా వంచి కాసేపు కూచుంటాడు. నేను వంటింట్లో గిన్నెలు చప్పుడు కాకుండా సర్దుతూ ఉంటాను. నాయినా అని పిలవాలని ఉంటుంది, పిలవలేను. కాసేపటికి ఆయనే కర్ర అందుకుని, "పోయొస్త బిడ్డా" అని లేస్తాడు.