పెరటి పాలకూర ఏం తాగింది? హనుమకొండ నుంచి పరకాల వైపు ఒక రోజు

ఈ బ్లాగులో ఇప్పటిదాకా రాసినవన్నీ కడుపునిండా తిని, కాళ్లు పీకేలా తిరిగి వచ్చి రాసినవే. ఇది అలాంటిది కాదు. భయంతో బయలుదేరి, రెట్టింపు భయంతో తిరిగొచ్చిన రోజు ఇది. మా చెల్లెలు సుజాతను పరకాల దగ్గర ఒక ఊళ్లో ఇచ్చాం. రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి ఐదో నెల దాకా వచ్చిందని మేమంతా ఊపిరి బిగబట్టుకుని ఉన్నాం. హనుమకొండలో మాది కిరాణా దుకాణం. ఆ పొద్దున షట్టరు ఎత్తుతుండగా సుజాత ఫోన్ చేసింది. వాళ్ల ఊరి చెరువులో ఒక మూల మట్టి ఎవరూ తోలుకోవద్దని పంచాయతీ వాళ్లు మైకులో చెప్పారట. ఒకప్పుడు ఎవరో బయటివాళ్లు ఆ మూలన రేకుల షెడ్డు వేసుకుని పాత బ్యాటరీలు పగలగొట్టి, ఆ నీళ్లన్నీ చెరువులోకే వదిలి వెళ్లిపోయారట. ఆ మట్టిలో సీసం ఉందని ఇప్పుడు తేలిందట. "అక్కా, మా ఇంటెనుక పోసింది గా మట్టే. నాలుగు నెలల సంది గా ఆకుకూరే తింటాన" అంది.

చెరువు మట్టి అంటే మా వైపు వాళ్లకు ఎంత నమ్మకమో తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఎండాకాలం చెరువు ఎండగానే ట్రాక్టర్లు పెట్టి ఆ పూడిక మట్టిని పొలాలకు తోలుకుంటారు. రెండు మూడు పంటల దాకా ఎరువు బస్తా అక్కర్లేదంటారు, అది చాలావరకు నిజమే. అయితే మట్టి ఎంత నల్లగా ఉంటే అంత బలమని కూడా ఒక లెక్క ఉంది. సుజాత అత్తమ్మ ఎల్లవ్వ, కోడలికి తాజా ఆకుకూర తినిపించాలనే ప్రేమతో, చెరువంతా తిరిగి అన్నింటికన్నా నల్లగా ఉన్న మూల ఏరుకుని మరీ ఒక ట్రక్కు మట్టి పెరట్లో పోయించింది. ఆ నలుపు ఎక్కడిదో ఆమెకు ఎవరు చెబుతారు?

మా గల్లీలో వసుంధర మేడం ఉంటారు. డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. రోజూ మా దుకాణంలోనే పాల ప్యాకెట్ తీసుకుంటారు. ఆమె రాగానే ఉన్నదంతా చెప్పేశాను. ఇంటికి వెళ్లి చెప్పులు మార్చుకుని, చేతిలో గుడ్డ సంచులు, ఒక చెక్క గరిటె పట్టుకుని వచ్చారు. పద అన్నారు. దుకాణం మా ఆయనకు అప్పజెప్పి ఎనిమిదిన్నరకల్లా హనుమకొండ బస్టాండులో ఉన్నాం. పరకాల బస్సులకు ఎదురుచూడాల్సిన పని ఉండదు, ఒకటి పోతే ఇంకొకటి వస్తుంది. ఆడవాళ్లు ఆధార్ కార్డు చూపిస్తే చాలు, టికెట్ డబ్బులు అక్కర్లేదు. మగవాళ్లు వంద నోటు ఇస్తే చిల్లర తిరిగొస్తుంది. గూడెప్పాడ్ దగ్గర మేడారం వైపు దారి విడిపోతుంది, మన బస్సు ఎడమకు తిరుగుతుంది. మొత్తం గంట, గంటంబావు ప్రయాణం.

బస్సులో నేను అడిగింది ఒకటే మాట. సీసం ఉన్న మట్టిలో పెరిగిన పాలకూర ఆ సీసాన్ని తాగేస్తుందా లేదా? మేడం సూటిగా జవాబు చెప్పే మనిషి కాదు, పాఠం చెప్పే మనిషి. మొక్క మట్టిని తినదని, మట్టి రేణువుల చుట్టూ ఉండే పలచటి తడిలో కరిగినదాన్నే తీసుకోగలదని మొదలుపెట్టారు. కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం లాంటివి బంక మట్టికి గట్టిగా అంటుకుని ఉంటాయట. వేరు చివర కంటికి ఆనీఆననట్టు నూగు లాంటి పీచు ఉంటుంది. అది కొంచెం ఆమ్లాన్ని మట్టిలోకి వదిలి, దానికి బదులుగా ఆ ఖనిజాలను విడిపించుకుంటుంది. మా భాషలో చెప్పాలంటే ఒకటి ఇచ్చి ఒకటి పుచ్చుకునే బేరం. ఆకుల్లోంచి నీరు ఆవిరవుతుంటే కింది నుంచి నీరు పైకి లాగబడుతుంది, ఖనిజాలు ఆ నీటితోనే ఎక్కుతాయి. ఆకుపచ్చ రంగు తయారు కావాలంటే దాని నడుమ మెగ్నీషియం ఉండాలి. కణాల గోడలు నిలబడాలంటే కాల్షియం కావాలి. ఆకు మీది సన్నటి రంధ్రాలు తెరుచుకుని మూసుకోవడం పొటాషియం పని. వినడానికి బాగానే ఉంది కానీ నా మనసు వినే స్థితిలో లేదు. కిటికీలోంచి పత్తి చేలు కనిపిస్తే చాలు, ఆ మట్టి ఎక్కడి నుంచి తోలిందో అని గుబులు పుట్టేది.

ఒక చేలో కింది ఆకులు ఎర్రబడి ఉన్నాయి. మేడం వేలు పెట్టి చూపించారు. మెగ్నీషియం చాలనప్పుడు మొక్క ముదురు ఆకుల్లోంచి దాన్ని ఊడ్చి లేత ఆకులకు పంపిస్తుందట, అందుకే ముందు కిందివి ఎర్రబడి రాలతాయట. పిల్లల కోసం తల్లి తన నోటి ముద్ద ఇచ్చేసినట్టు అనుకున్నాను. ఆ వెంటనే సుజాత గుర్తొచ్చింది. అసలు ప్రశ్న మళ్లీ అడిగాను. వేరు లోపల మైనం లాంటి ఒక పట్టీ ఉంటుందని, నీటితో వచ్చినదేదైనా అక్కడ ఆగి, కణాల ద్వారం గుండా మాత్రమే లోపలికి పోవాలని చెప్పారు. ఆ ద్వారాలు కావలసినదాన్ని గుర్తుపట్టి రానిస్తాయి. కానీ సీసం కాల్షియంలాగా, కాడ్మియం జింకులాగా నటించి కొంత దూరిపోతుంది. కొంత అంటే ఎంత అన్నాను. పరీక్ష చేస్తేనే తెలుస్తుందన్నారు.

పరకాల బస్టాండు బయట షేర్ ఆటోలు ఉంటాయి, తలా ముప్పై. మాకు ఆగే ఓపిక లేక రెండు వందలకు ఒకటి మాట్లాడుకున్నాం. డ్రైవరుది పక్క ఊరేనట. చెరువు సంగతి కదిపితే గొంతు తగ్గించి చెప్పాడు. "ఆ మూలకు ఎవ్వలు పోతలేరక్కా. మా బాపు గొర్లను గూడ అటు తోలుతలేడు." గొర్రెల విషయంలోనే అంత జాగ్రత్త తీసుకుంటుంటే, మా చెల్లెలి విషయంలో తీసుకున్నదెవరు అని నాకు ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది.

ఇంటి ముందు సుజాత నిలబడి ఉంది. మొహం పాలిపోయి ఉంది. అది భయం వల్ల అనుకున్నాను. పెరట్లో పాలకూర, తోటకూర అరచేతులంత ఆకులేసి, గంగవాయిలి కూర గుబురుగా అల్లుకుని నిగనిగలాడుతున్నాయి. ఇంత ఏపుగా పెరిగిన ఆకుకూరను చూసి నేను భయపడటం అదే మొదలు. మేడం ఒక మొక్కను మట్టిపెళ్లతో సహా మెల్లగా లేపి, బకెట్‌లో ముంచి కడిగారు. తెల్లటి వేళ్లు, వాటికి నూగు. సీసంలో చాలావరకు వేళ్ల దగ్గరే ఆగిపోతుందని, ఆకుల్లోకి ఎక్కేది తక్కువని, ఆకుకూరలతో అసలు ప్రమాదం కడగకుండా మిగిలిన మట్టితోనేనని చెప్పారు. సుజాత వాళ్లు మూడుసార్లు కడుగుతారట. నాకు కొంచెం ప్రాణం వచ్చింది. ఆ తర్వాత నాలుగైదు చోట్ల జానెడు లోతు గుంట తీసి మట్టి కలిపి ఒక సంచిలో వేశాం. ఆకులు వేరుగా, వేళ్లు వేరుగా కట్టాం. ఇనుప పార అంటిన మట్టి తీసుకుంటే పరీక్షలో లెక్క తప్పుతుందని, చెక్క గరిటెతో గీకి తీయాలని మేడం రెండుసార్లు చెప్పారు.

ఎల్లవ్వ చాయ్ తెచ్చింది. నాకు దిగులు తగ్గి తాగబోతుంటే మేడం సుజాత కింది రెప్పను వేలితో లాగి చూశారు. తర్వాత చాలా మామూలుగా, వంట గురించి అడిగినట్టే అడిగారు. "అమ్మా, కడుపుతో ఉన్నప్పుడు కొందరికి మట్టి తినాలనిపిస్తుంది. నీకు అనిపిస్తుందా?" సుజాత తల వంచుకుంది. అత్తమ్మ వైపు చూసింది.

ఎల్లవ్వ లోపలికి వెళ్లి ఒక స్టీలు డబ్బా తెచ్చి మా ముందు పెట్టింది. అందులో నల్లటి చిన్న చిన్న బిల్లలు, వడియాలంత ఉన్నాయి. "వాన పడ్డప్పుడల్లా బిడ్డకు ఆశైతాంది. ఉత్త మట్టి తింటే పురుగులైతయని గీ పెరట్ల మట్టినే జల్లెడ పట్టి, బిల్లలు చేసి, పెనం మీద కాల్చి పెట్టిన. నా కాన్పులప్పుడు నేను గూడ తిన్న. కడుపుతోని ఉన్నోళ్లు ఆశపడితే కాదంటరా?" అంది. ఆమె గొంతులో తప్పు చేసిన భయం లేదు. మాకేమైందో అర్థం కాక మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. డబ్బా సగం ఖాళీగా ఉంది.

"రోజుకు ఎన్ని తింటున్నావే?" అన్నాను. "ఒక్కటో రెండో అక్కా. తినకపోతే నిద్ర పడతలేదు" అంది. అప్పుడు మేడం చెప్పినదంతా నా చెవుల్లో సీసం పోసినట్టే దిగింది. ఒంట్లో ఇనుము తగ్గితే మట్టి మీదికి మనసు పోతుందట. ఇనుము తగ్గిన కడుపు సీసాన్ని మరింత ఎక్కువగా పట్టుకుంటుందట. పాలకూరకు వేరు లోపల ఒక అడ్డు ఉంది, మా చెల్లెలికి లేదు. పొద్దుటి నుంచి నేను ఏ ఆకును చూసి వణికానో ఆ ఆకు తనవంతు వడగట్టుకునే ఉంది.

అదే ఆటోను పిలిపించి, పరకాల నుంచి కారు మాట్లాడుకుని మధ్యాహ్నం రెండింటికల్లా వరంగల్‌లో దవాఖానకు చేరాం. కారుకు పదిహేను వందలు తీసుకున్నాడు, ఎక్కువే, కానీ బేరమాడే ఓపిక నాకు లేదు. ఎల్లవ్వ కూడా వచ్చింది. దారి పొడుగునా డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. డాక్టరుకు చూపించాలని మేడమే తెమ్మన్నారు. దవాఖాన మెట్ల దగ్గర ఎల్లవ్వ నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది. "కాలిస్తే పోదా బిడ్డా?" నేను పోదని తల అడ్డంగా ఊపాను. ఆమె అక్కడే మెట్టు మీద కూలబడింది. పొద్దుటి నుంచి ఎవరి మీద చూపించాలో తెలియని నా కోపం ఆమెను చూశాక నిలవలేదు. పక్కనే కూర్చుని వీపు నిమిరాను.

ఇది రాసేనాటికి మేడం పరీక్షకు ఇచ్చిన సంచులవీ, సుజాతవీ రిపోర్టులన్నీ వచ్చాయి. కడిగిన ఆకుల్లో సీసం దాదాపు లేదు, వేళ్లలో ఉంది, మట్టిలో చాలా ఉంది. సుజాత రక్తంలో ఉంది. స్కానింగులో బిడ్డ కదలికలు బాగానే ఉన్నాయి. కానీ సీసం ఎముకల్లో కాల్షియం చోట కూర్చుంటుందని, బిడ్డకు కాల్షియం కావలసి వచ్చినప్పుడు తల్లి ఎముకల్లోంచి దానితో పాటే బయటికి వస్తుందని డాక్టరు చెప్పారు. అందుకే ఇనుము మాత్రలు, కాల్షియం మాత్రలు మానకుండా వేసుకోమన్నారు. ప్రతినెలా రక్తం చూపించాలి, పుట్టాక బిడ్డ రక్తం కూడా చూడాలి. మాత్రలు మొదలయ్యాక మట్టి మీద ఆశ తగ్గిందట. పెరటి మట్టిని పంచాయతీ వాళ్లు ఎత్తించారు. నాకైతే భయం తగ్గలేదు. రాత్రి పడుకుంటే ఆ బిడ్డ ఎముకలు ఇప్పుడే కట్టుకుంటున్నాయని గుర్తొస్తుంది. వాటికి ఏది అందుతోందో మాకెవరికీ కనబడదు.

మీలో ఎవరైనా అనుమానం ఉన్న మట్టిని, కూరను పరీక్షకు తీసుకెళ్లడానికి బయలుదేరుతుంటే, గుడ్డ సంచి, చెక్క గరిటె మరిచిపోకండి. వాటికన్నా ముందు ఇంట్లోని ఆడవాళ్లను, ముఖ్యంగా కడుపుతో ఉన్నవాళ్లను, పక్కకు పిలిచి మట్టి తింటున్నారా అని మెల్లగా అడగండి, గద్దిస్తే చెప్పరు. నేను మా చెల్లెలితో రోజూ ఫోనులో మాట్లాడతాను, ఏం తిన్నావని రోజూ అడుగుతాను, ఆ ఒక్క మాట మాత్రం ఎప్పుడూ అడగలేదు.