బాపు చెవికి పులి గొంతు

“గా పులి అరుపన్న ఇనబడ్తదో లేదో సూత్త, తీస్కపో బిడ్డా” అని మా బాపు అడగడంతో ఈ ప్రయాణం మొదలైంది. ఆయన సూరత్ పవర్‌లూమ్ మగ్గాల మధ్య ముప్పై ఏళ్లు నిలబడ్డ మనిషి. ఆ చప్పుడు ఆయన చెవులను తినేసింది. ఏడాదిగా ఫోన్ ముట్టుకోడు, నలుగురిలో కూర్చోడు. నోరు తెరిచి అడిగిందే పదివేలనుకుని ఆదివారం నేనుండే అడాజన్ నుంచి బాపు ఉండే బమ్రోలికి వెళ్లి ఆయన్ని వెంటబెట్టుకున్నాను.

ఉధ్నా దర్వాజా దాకా ఆటో, అక్కడి నుంచి సర్థానా జూకు బీఆర్‌టీఎస్ బస్సు. గంటంబావు పట్టింది. ఇద్దరికీ కలిపి దారి ఖర్చు, టికెట్లు రెండొందల లోపే. నా చిన్నప్పుడు మగ్గాలకు కరెంటు సెలవు వస్తే ఇదే దారిన సైకిల్ మీద తెచ్చేవాడు. ముందు కడ్డీ మీద నేను, హ్యాండిల్‌కు సద్ది సంచి. వర్షారణ్యాల్లో మాంసం తిని బతికే జంతువులను నాకు మొదట చూపించింది ఆయనే. ఆయన మాటల్లో పులి మగ్గాల యజమాని సేఠ్, చిరుత పని చేయించే మాస్టర్, ఒక్కచోట నిలవని నీటికుక్కలు రాత్రి షిఫ్టు కూలీలు! ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది.

నీటికుక్కలు చేపల కోసం కీచుకీచుమంటూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. బాపు కాసేపు వాటి నోళ్లు చూసి, “ఇవి సప్పుడు జేస్తలేవేంది?” అన్నాడు. చెయ్యి పట్టుకుని చిరుత వైపు నడిపించాను. మాస్టర్ మాత్రం ఎప్పట్లాగే నిద్రలో ఉన్నాడు.

పులి దగ్గరున్న కాపలాదారును హిందీలో అడిగితే, సాయంత్రం మాంసం బండి వచ్చేటప్పుడు తప్ప అది నోరు తెరవదన్నాడు. అందాకా కదిలేది లేదని బాపు బల్ల మీద బైఠాయించాడు. చివరికి దూరంగా బండి కనబడింది. పులి లేచి, కంచె వెంట అటూఇటూ తిరిగి ఒక్కసారి గర్జించింది. నా చేతి కింద ఇనుప కమ్మీ అదిరింది. భయం భయంగా బాపు వైపు తిరిగాను. చెవుల వెనక చేతులు పెట్టుకుని, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు.

“ఇనబడ్డది బిడ్డా. అందరు నాతోని మాట్లాడుడు బంద్ జేసిన్రు. సేఠ్ ఒక్కడే ఇంక మాట్లాడుతుండు.”

మీరూ వెళ్లాలనుకుంటే సోమవారం వద్దు, ఆ రోజు సెలవు. పులి గొంతు వినాలంటే మధ్యాహ్నం దాటాకే బయల్దేరండి. తిరుగు బస్సులో బాపు, మళ్లీ ఆదివారం గూడ పోదమా అని అడిగాడు. అలవాటుగా కీచుమనే నా గొంతును సేఠ్‌లా బొంగురు చేసి, కడుపులోంచి, “పోదాం బాపూ” అన్నాను. బస్సంతా నా వైపు తిరిగింది. బాపు కూడా తిరిగాడు.