కామత్‌ఘర్ గోడ మీద నర్సవ్వ కళ్ళు

పాత నకాషీ పటాలకు మరమ్మతు చేయడం నా వృత్తి. కులపురాణాలు చెప్పే కథకులు ఊరూరా తిరుగుతూ, కొద్దికొద్దిగా విప్పి చూపించే పొడవైన బొమ్మల గుడ్డలివి. ఎర్రని నేల, దాని మీద పసుపు, నీలం బట్టలు కట్టిన మనుషులు, ముఖమంతా తామే అన్నట్టుండే పెద్ద కళ్ళు. ఒక్కసారి చూసినవారు మళ్ళీ ఎక్కడ కనిపించినా గుర్తుపడతారు. ముంబైలో చిత్రలేఖనం బోధించే మిత్రుడొకరు, చుట్టుపక్కల పట్టణాల గోడల మీద స్థానికుల చేత బొమ్మలు వేయిస్తున్న ఒక బృందానికి సాయపడుతున్నారు. భివండీ గోడల ఫొటోలు పంపుతూ ఒకదాని వెనక "ఇది మీవాళ్ళ పని" అని రాశారు. నిజమే. కామత్‌ఘర్‌లో ఒక సాంచెల కార్ఖానా గోడ నిండా మన పటం బొమ్మలే ఉన్నాయి. సాంచెలంటే మరమగ్గాలు, అక్కడి తెలుగువారి మాట అది. కాకపోతే ఆ బొమ్మల్లో ఒక్కరికీ కళ్ళు లేవు. పటంలో కళ్ళను అన్నిటికంటే చివర తెరుస్తారు, అది ఆనవాయితీ. కానీ ఫొటో తీసి నెల దాటినా పని ఇంకా పూర్తి కాలేదని మిత్రుడు చెప్పడంతో, ఒకసారి చూసి రావాలనిపించింది.

హైదరాబాదు నుంచి రాత్రి రైలెక్కితే ఉదయానికి కల్యాణ్. అక్కడి నుంచి భివండీకి బస్సులు, షేర్ ఆటోలు ఎప్పుడూ దొరుకుతాయి. నేను మాత్రం లోకల్‌లో దివా వెళ్ళి, వసయి వైపు పోయే పాసింజరు పట్టుకుని భివండీ రోడ్‌లో దిగాను. టికెట్టు ఖర్చు చెప్పుకోదగినది కాదు గాని ఆ మార్గంలో రైళ్ళు చాలా తక్కువ. ఒకటి తప్పితే ఓపికగా కూర్చోవాలి. నేను కూర్చున్నాను. స్టేషను బయటికి వచ్చేసరికి పదిన్నర. ముప్పై అయిదు రూపాయలకు కామత్‌ఘర్ దాకా ఆటో మాట్లాడుకుంటుంటే, డ్రైవరు నా హిందీని కాసేపు భరించి చేయెత్తాడు.

"తెలుగుల మాట్లాడున్రి సారూ. మీ హిందీ ఇంటె ఇంజనే బంద్ పడెటట్టున్నది."

అతని పేరు శంకర్; తల్లిదండ్రులది కరీంనగర్ వైపు. గోడ బొమ్మల కోసం వచ్చానంటే నమ్మలేదు. "గోడల కోసం గింత దూరం ఒచ్చిన్రా? ఏ గోడ? మల్లేశం సేఠ్‌కు మెల్లకన్ను పెట్టిన గోడనా?" అని పకపకా నవ్వాడు. అంటే కొందరికైనా కళ్ళు వచ్చాయన్నమాట. వివరం అడిగితే, "నేను జెప్తె మజా పోతది. మీరే సూడున్రి" అన్నాడు.

దారిలో శాంతి నగర్‌లో ఆటో ఆపించాను. అక్కడ వాడుకలో లేని ఒక గోదాము గోడ మీద పాఠశాల పిల్లలు పొడవైన బట్టను పరిచినట్టు చిత్రించారు. ఎవరి ఇంట్లోని చీర అంచును వారు చూసి వేశారట; జానెడుకొక అంచు మారుతుంది. నీళ్ళ గొట్టం అడ్డం వచ్చిన చోట బట్ట దాని మీదుగా మడత పడి అవతలికి సాగిపోతుంది. సున్నం పూత గట్టిగా ఉంది, రంగు పొరలు లేవలేదు. నేను గోటితో అంచులు పరీక్షిస్తుంటే పక్కనున్న పాన్ దుకాణదారు హిందీలో అడిగాడు, "ఏం సాబ్, అమ్మకానికి పెట్టారా?" కాదు, ఎన్నాళ్ళు నిలుస్తుందో చూస్తున్నానన్నాను. ఆయన తృప్తిగా తల ఊపి, "ఉమ్మేయకుండా నేను కాపలా కాస్తున్నా. నా పాన్ తిన్నవాడు నా ముందు ఉమ్మడు" అన్నాడు. గోడలకు ఇంతకంటే మంచి సంరక్షణ నేను సూచించలేను.

కామత్‌ఘర్ సందులోకి ఆటో పూర్తిగా పోదు. చివరి మలుపు నడవాలి. కార్ఖానాల మోత ముందు చెవికి, తర్వాత అరికాళ్ళకు తెలుస్తుంది. గోడ ముందు నిలబడితే నా ఊహకంటే పొడవుగా ఉంది. నూలు చుట్టిన బరువైన భీములు మోసేవారు, పోగులు అతికేవారు, సాంచె ముందు నిలబడ్డవారు, తోపుడు బండి మీద తానులు లాగేవారు, అందరూ పటంలో దేవతలు నిలబడే ఠీవితో నిలబడి ఉన్నారు. అందరికీ కళ్ళు తెరిచి ఉన్నాయి, చివర కండెలు చుడుతున్న ఒక ముసలమ్మకు తప్ప. ఆమె ముఖంలో కళ్ళ చోటు ఖాళీగా ఉంది. ఆ బొమ్మ కింద, అదే రాణిరంగు చీరలో, అదే ముసలమ్మ ఒక రేకు పెట్టె మీద కూర్చుని ఉంది. పక్కన నలభై ఏళ్ళు దాటిన ఒక స్త్రీ చేతిలో సన్నని కుంచె పట్టుకుని, చికాకుగా కరెంటు తీగల వైపు చూస్తోంది.

ఆ స్త్రీ చిత్రకారిణి స్వరూప. దుకాణాల బోర్డులు మూడు భాషల్లో రాయడం ఆమె జీవనాధారం. నా పని ఏమిటో చెప్పగానే ముఖం వికసించింది. "పటాలు బాగుజేస్తరా! మా నాయిన పటాలు కట్టెటోళ్ళ దగ్గర రంగులు నూరిండు సారూ. ఆయన గీసుడు జూసి నేను నేర్సిన. గా కండ్లే ఒస్తయి నాకు, వేరే రావు. మా చర్చిల గొర్రెపిల్లలకు గూడ గియ్యే కండ్లు పెట్టిన. పాస్టరు గారు గొర్రెలను జూసి వాక్యం మర్శిపోతున్న అన్నడు."

మరి ముసలమ్మకు ఎందుకు పెట్టలేదని అడిగాను. స్వరూప నా చేయి పట్టి గోడకు ఆనించింది. గోడ లోపలి నుంచి సన్నగా, ఎడతెగకుండా వణుకుతోంది. అవతల సాంచెలు ఆడుతున్నాయి. రంగు నింపడానికి ఆ వణుకు అడ్డం కాదు. కంటి గీతకు మాత్రం అడ్డమే. అందుకే ఆమె రోజూ మధ్యాహ్నం కరెంటు కోత వేళ, సాంచెలు ఆగినప్పుడు, ఒకటి రెండు ముఖాలకు మాత్రం కళ్ళు తెరుస్తూ వచ్చింది. నెల పట్టింది అందుకే. ముసలమ్మ పేరు నర్సవ్వ. తన బొమ్మకు ముందు ఆకుపచ్చ చీర కావాలంది, తర్వాత రాణిరంగు అంది. ఆ రంగు నిన్న గాని ఆరలేదు. ఇక కళ్ళే మిగిలాయి. కానీ మోకాళ్ళ నొప్పులతో పని మానేసిన నర్సవ్వ ఈ రోజు సాయంత్రం నాలుగింటి బస్సుకు సిరిసిల్ల దగ్గర కూతురి ఊరికి వెళ్ళిపోతోంది, ఇక తిరిగి రాదు. సరిగ్గా ఈ రోజే, పన్నెండు దాటినా కరెంటు పోలేదు.

"శుక్రవారం సాంచెలకు సెలవు గదా, అప్పుడు పెట్టరాదా?" అన్నాను.

"పెట్టొచ్చు. అవ్వ జూడది గద సారూ" అంది స్వరూప.

నర్సవ్వ పెట్టె మీద నుంచే అందుకుంది. "గుడ్డి బొమ్మను జూసుకుంట పోవాల్నా బిడ్డా? ఊర్ల మనుమరాలు అడుగుతది, గోడ మీద ఎట్లున్నవే అని. ఏం జెప్పాలె?"

నా వృత్తికి అలవాటైన ఒక ఉపాయం చెప్పాను: కర్ర నేల మీద ఆనించి, మణికట్టు దాని మీద పెట్టి గీస్తే చేయి కదలదు. పక్కనున్న ఖాళీ పూత మీద స్వరూప ప్రయత్నించింది. చేయి కదలలేదు, గోడ కదిలింది. గీత రంపం పళ్ళలా వచ్చింది. ఇద్దరం చూసి నవ్వుకున్నాం.

ఒంటిగంటకు సందు చివరి మెస్‌లో భోజనం చేశాను. ఇరవై రూపాయలకు అన్నం, పప్పుచారు, వేయించిన మిరపకాయ. వడ్డించే ఆమె మంచి ఉత్సాహంలో ఉంది. "ఇయ్యాల కరెంటు దేవుడు సల్లగ జూసిండు. మా ఆయనకు నాలుగు మీటర్లు ఎక్కువ పడ్తయి" అంటూ ఇంకో గరిటె పోసింది. ఆ గదిలో అందరి ముఖాల్లోనూ అదే సంతోషం. మీటర్ల లెక్కన కూలి అందుకునేవారికి ఆగని కరెంటు ఎంత వరమో తెలిసి కూడా, అది పోవాలని కోరుకుంటున్నది ఆ వీధిలో మేం ముగ్గురమే.

రెండున్నర అయినా సాంచెలు ఆగలేదు. అప్పుడు కార్ఖానా యజమాని మల్లేశం సేఠ్ బయటికి వచ్చాడు. ఒకప్పుడు ఇదే సందులో కూలికి సాంచెలు నడిపిన మనిషి. గోడ మధ్యలో అతని బొమ్మ కూడా ఉంది. ఒక కన్ను సిరిసిల్లను, ఇంకొకటి ముంబైని చూస్తోంది. స్వరూప అతన్ని అడిగింది, "పావుగంట బంద్ జేయిస్తవా మామా?"

"నా బొమ్మకు బంద్ జేసిన్నా? అవ్వకేంది గంత మర్యాద?"

నర్సవ్వ ఊరుకోలేదు. "ఏమ్రా మల్లేశా! నువ్వు బంద్ జెయ్యమన్నవా? సాంచె ఆగొద్దు, బొమ్మ గావాలె అన్నవు. ఆగలేదు సాంచె. నీ కండ్లు జూస్కో, పొత్తు గుదరని అన్నదమ్ముల లెక్క!"

మల్లేశం కూడా నవ్వాడు. కానీ మాట ఇవ్వలేదు. "అవ్వా, నేను ఒద్దనను. పోయేటి మీటర్లు నాయి గావు, వాళ్ళయి. వాళ్ళను అడుగున్రి" అన్నాడు. న్యాయమైన మాటే.

స్వరూప లోపలికి వెళ్ళింది, వెనక నేను. లోపల మాట వినబడదు. నూలు ధూళి తెల్లగా తేలుతోంది. అక్కడివారు చేతులతో మాట్లాడుకుంటారు. స్వరూప తన కంటిని చూపింది, బయటికి చూపింది, రెండు అరచేతులు కిందికి వత్తింది. సాంచెల వరుస చివరనున్న సత్తయ్య అనే నడివయసు కార్మికుడు అర్థమై తలుపు దగ్గరికి వచ్చాడు. అప్పటికి నర్సవ్వ పెట్టె మీద నుంచి లేచి గుమ్మం దాకా వచ్చింది.

"ఒద్దు సత్తయ్యా. నా రెండు కండ్ల కోసం మీ మీటర్లు పోగొట్టుకుంటరా? గట్లనే పోత, ఏం గాదు" అంది. అయినా ఒకసారి వెనక్కి తిరిగి గోడను చూసుకుంది.

సత్తయ్య తలలోని నూలు పీచు దులుపుకుంటూ ఆలోచించాడు. "చాయ్ అయితె తాగాలె గద అవ్వా" అన్నాడు. "రోజు ఒగలు తాగుతుంటె పక్కోడు సాంచెలు జూస్తడు. ఇయ్యాల అందరం ఒక్కపారే తాగుతం. ఏం పోతది?" లోపలికి వెళ్ళి గ్లాసు ఎత్తినట్టు చేయి ఊపాడు. ఒక సాంచె ఆగింది, తర్వాత దాని పక్కది. మోత పొరలు పొరలుగా పలచబడి, చివరికి ఎక్కడో పక్క కార్ఖానాది మాత్రమే మిగిలింది. గోడ మీద చేయి పెట్టి చూశాను. వణుకు నిలిచింది.

అందరూ ఎండలోకి కళ్ళు చిట్లించుకుంటూ వచ్చారు. చాయ్‌వాలా గ్లాసులు పంచాడు. స్వరూప నిచ్చెన ఎక్కింది, నేను రంగు చిప్ప పట్టుకున్నాను. తెలుపు పెట్టి, ఆరేదాకా ఆగి, నల్లరంగులో ఉడుత వెంట్రుకల కుంచె ముంచి వెనక్కు తిరిగింది.

"అవ్వా, కన్ను తెర్శినప్పుడు ముందల ఎవలన్న ఉండాలె. అది ఫస్ట్ సూశేది. నువ్వే నిలవడ్తవా?"

నర్సవ్వ తల అడ్డంగా ఊపింది. "నన్ను నేను సూస్కుంట ఏం జేస్త? ఆడ వీళ్ళను నిలవెట్టు" అంది.

దాంతో కార్ఖానా మొత్తం ఎదుటి గోడకు వీపు ఆనించి వరుసగా నిలబడింది, చేతుల్లో చాయ్ గ్లాసులతో. ఎవరో మల్లేశం సేఠ్‌ను కూడా వరుసలోకి లాగారు. "నడుమ నిలవడు మామా, రెండు దిక్కుల నువ్వే జూస్తవు" అన్నారొకరు. నవ్వులు ఆగాయి. స్వరూప ఊపిరి బిగబట్టి రెండు గీతలు దించింది, రెండు చుక్కలు పెట్టింది, పక్కకు వంగింది. గోడ మీది నర్సవ్వ ఎదుటివాళ్ళందరినీ ఒక్కసారిగా చూసింది.

కింద నర్సవ్వ ఒక పక్కగా నిలబడి, బొమ్మనూ వరుసనూ మార్చి మార్చి చూసింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. "జర కోపం ఎక్కువ పెట్టినవు బిడ్డా" అంది స్వరూపతో. తర్వాత, "ఉండనియ్యి. కండెలు ఒదులు సుట్టెటోళ్ళు భయపడ్తరు" అంది. సత్తయ్య గ్లాసు కింద పెట్టి రేకు పెట్టెను భుజానికెత్తుకున్నాడు. సందు మలుపులో అతని వెనక రాణిరంగు చీర కనుమరుగయ్యేసరికి సాంచెలు మళ్ళీ మొదలయ్యాయి. అతని సాంచెలను పక్కవాడు చూసుకుంటున్నాడు.

తిరుగు ప్రయాణంలో రైలు కోసం ఎదురుచూడకుండా కల్యాణ్ బస్సెక్కాను. నా బల్ల మీదికి వచ్చే పటాల్లో ఎన్నో కళ్ళు శుభ్రం చేశాను. ఏ రంగుతో గీశారో, ఏ జిగురు కలిపారో చెప్పగలను. అవి తెరుచుకున్న క్షణంలో ఎదురుగా ఎవరు నిలబడ్డారో మాత్రం ఏ పటమూ నాకు చెప్పలేదు, నేనూ అడగాలనుకోలేదు. ఇప్పుడు అడగాలనిపిస్తోంది. నర్సవ్వ బస్సు అప్పటికి ఘాట్ ఎక్కుతూ ఉండాలి. ఆమె మనుమరాలికి ఏమని చెప్పి ఉంటుందో నాకు తెలియదు గాని, చెప్పడానికి ఆమె దగ్గర మాట ఉంది.

మీరు వెళ్ళదలిస్తే ఒక సలహా. శుక్రవారం సందు ఖాళీగా ఉంటుంది, ఫొటోలు బాగా వస్తాయి. అయినా వేరే రోజు వెళ్ళండి. ఉదయం పదకొండుకో సాయంత్రం నాలుగింటికో సందు చివరి చాయ్ బండి దగ్గర నిలబడితే, కార్మికులు ఒక్కొక్కరుగా బయటికి వస్తారు. మీరూ ఒక కటింగ్ చాయ్, అదే అరగ్లాసు టీ, తీసుకుని, నర్సవ్వ కన్ను తెరిచినప్పుడు తాము ఎక్కడ నిలబడ్డారో చూపించమని అడగండి. గ్లాసు పట్టుకునే వచ్చి, ఎదుటి గోడ దగ్గర ఆ చోట నిలబడి చూపిస్తారు.