దిబ్బ చుట్టూ నీళ్లున్నంత కాలం

ధర్మవరంలో మా మగ్గాల వీధి నుంచి యూనివర్సిటీ దాకా పోయినవాణ్ణి నేనొక్కణ్ణే. అక్కడ నాకు అప్పగించిన పనేమిటో విని మా అవ్వ నవ్వింది.

"కొంగల్ని సూసేకి అంత సదువు యాలప్పా? మన చెరువులో లేవా?"

అవ్వ అన్నదీ నిజమే. పరిశోధనా కేంద్రమని పేరు. తీరా హిందూపురం దాటి బస్సు దిగి చూస్తే, చెరువు నడుమ తుమ్మచెట్లతో ఒక దిబ్బ, దాని మీద బండలు కప్పిన గది, పోయి రావడానికి గుండ్రటి పుట్టి. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటే ఇదే కాబోలు అనుకున్నాను.

మర్నాడు పొద్దు పొడవగానే కొంగలు లేచాయి. పెనుకొండ వైపు చెరువులకు మేతకు పోతున్నాయి. ఎర్రటి కాళ్లు, పసుపుపచ్చ ముక్కు, తోక దగ్గర లేత గులాబీ. పట్టుకు రంగులేసే ఇంట్లో పుట్టినా అలాంటి రంగు నేనెన్నడూ చూడలేదు. నోరు తెరుచుకుని నిలబడిపోయాను. నన్ను వెంటబెట్టుకొచ్చిన మా ప్రొఫెసరు గారు పిలిచినా వినపడలేదట.

చెరువు కింది ఊరివాళ్లకు అవి ఆడబిడ్డలు. పుట్టింటికి పురిటికొచ్చాయని, పిల్లలు ఎగిరేదాకా ఊళ్లో పెళ్లయినా డప్పు మోగనివ్వరు. ముచ్చటైన ఆచారం అనుకున్నాను, అంతే.

నేనక్కడ ఉండగానే, పంతొమ్మిది వందల అరవైల్లో ఒక ఏడు వాన మొహం చాటేసింది. దిబ్బ మీది గూళ్లలో కొంగపిల్లలకు ఇంకా రెక్కలు రాలేదు. చెరువు కింద వరి పొట్టకొచ్చింది. తూము ఎత్తితే చెరువు అడుగంటుతుంది, నక్కలు నడుచుకుంటూ దిబ్బ ఎక్కుతాయి. ఎత్తకపోతే వరి ఎండుతుంది. బతిమాలుకుందామని ప్రొఫెసరు గారూ నేనూ తూము చూసుకునే నీరుగంటి ఇంటికి పోయాం. ఆయన కూతురు అప్పుడు తొలికాన్పుకు వచ్చి ఉంది.

ప్రొఫెసరు గారు గొంతు సవరించుకునేలోగా నీరుగంటే అన్నాడు.

"తూము ఎత్తేది లేదు సామీ. నిన్ననే ఊరంతా కూసోని అనుకున్న్యాము. పురిటికొచ్చిన బిడ్డల్ని నక్కల పాలు చేసేదెట్ల?"

"మరి వరి?" అన్నాను.

"ఎండుతాది."

అంత తేలిగ్గా ఎలా అంటాడని నాకు కోపం కూడా వచ్చింది. అన్నట్టే వరి ఎండింది. నీరుగంటి మడీ ఎండింది. పశువులను తోలి మేపేశారు. ఎవరూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అది చూసి నాకు భయం లాంటి గౌరవం కలిగింది.

ఆ ఇంట ఆడపిల్ల పుట్టింది. పురుడు వెళ్లాక చూడ్డానికి పోయి గడప దగ్గర నిలబడ్డాను. మా సీమలో ఏడాదంతా రాగి సంగటి తిన్నా, బాలింతకు మాత్రం ఎక్కడ తెచ్చయినా వరన్నమే పెడతారు. నీరుగంటి భార్య కూతురి ముందు కంచం పెట్టింది. అందులో సంగటి ముద్ద. వడ్డించిన తల్లి మొహం పక్కకు తిప్పుకుంది.

బాలింత ముద్ద తుంచి మింగి, నన్ను చూసి అడిగింది.

"ఎగరతాండాయా అన్నా, పిల్లలు?"

"ఎగరతాండాయి తల్లీ" అన్నాను.