రాజరత్నం కోసిన రేగుచెట్టు

నంద్యాల రైల్వే స్టేషను నుంచి ఊళ్లోకి వచ్చే దారిలో రాజరత్నం అంగడి ఉండేది. తరిమెనకు కర్ర బిగించి తిప్పుతూ, ఉలి ఆనించి, మంచం కోళ్లూ ఉయ్యాల కమ్మీలూ కవ్వాలూ నునుపుగా తీసేవాడు. నేను ఏ దేశం తిరిగొచ్చినా ముందు ఆ అంగడికే పోయేవాణ్ణి. పాత పుస్తకం వాసన తర్వాత నన్ను ఒకచోట కూర్చోబెట్టేది అప్పుడే చెక్కిన కర్ర వాసన ఒక్కటే.

డెబ్భై ఎనిమిదిలో అతను వడ్రంగి పనికి మస్కట్ పోతుంటే చెవిలో జోరీగలా చేరింది నేనే. "దుడ్లు అందరూ తెస్తారప్పా. నువ్వు ఆడ దొరికే ప్రతి చెట్టుదీ ఒక ముక్క తీసుకురా" అన్నాను. నాకేం, చెప్పేసి నేపాల్ పోయాను.

నాలుగేళ్లకు అందరూ టేపురికార్డర్లతో దిగితే రాజరత్నం ట్రంకుపెట్టె నిండా కట్టెముక్కలతో దిగాడు. బొంబాయిలో తనిఖీ చేసే ఆయన, మీ దేశంలో పొయ్యిలోకి పుల్లలు లేవా అని నవ్వాడట. ఒక్కో ముక్కకూ కాగితం అంటించి పేరు రాశాడు. మస్కట్ వాళ్లు గాఫ్ అనేది మన జమ్మి చెట్టే. అంత దూరం పోయి జమ్మి తెచ్చావా అని నేనూ ఎగతాళి చేశాను. పేరు రాయని ముక్క ఒకటుంది, చెయ్యి మందాన. అదేందీ అంటే మాట మార్చాడు.

అతనికొక పట్టుదల ఉండేది. కొమ్మ మీద చెయ్యి వేసేముందు బొటనవేలి గోటితో బెరడు గీకి చూసేవాడు. లోపల పచ్చగా ఉంటే వదిలేస్తాడు, ఎండి ఉంటేనే కోస్తాడు. "బతికిండే చెట్టు జోలికి నేను పోనన్నా" అని అందరికీ చెప్పుకునేవాడు.

ఎనభై నాలుగు ఎండాకాలంలో అతని భార్య లూదియా ఆళ్లగడ్డలోని పుట్టింటి నుంచి ఒక కబురు తెచ్చింది. మస్కట్‌లో వీళ్ల క్యాంపులో వంట చేసిన దస్తగిరి తిరిగొచ్చేశాడు, ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర టీ అంగడి పెట్టాడు. "మా దోస్తు ఎప్పుడొస్తాడు, మొగం మరిచిపోయినాడా?" అని అడుగుతున్నాడట.

రాజరత్నం తరిమెన ఆపేశాడు. మూడు రోజులు ముట్టుకోలేదు. నాలుగో రోజు, "ఆదినారాయణన్నా, నాతో ఆళ్లగడ్డకు రా. ఒక్కణ్ణే పోలేను" అన్నాడు.

బస్సు శిరివెళ్ల దాటాక నోరు తెరిచాడు. క్యాంపు వెనక ఒక రేగుచెట్టు ఉండేదట. మన రేగు కాదు, ఆ దేశపుది. దస్తగిరి నమాజుకు ముందు వజూ చేసిన నీళ్లూ, గిన్నెలు కడిగిన నీళ్లూ మోసుకుపోయి దానికి పోసేవాడు. ఏసయ్య ముళ్లకిరీటం ఆ చెట్టు ముళ్లతోనే అల్లారని ఎవరో అన్నారు. అప్పటినుంచి రాజరత్నం కన్ను దాని మీదే. ఒక ఎండాకాలం ఆకంతా రాలింది. దస్తగిరి సంతకు పోయినప్పుడు ఇతను మొదలంటా కోసేశాడు.

"మిగిలిన మోడు మళ్లా చిగురేయలేదన్నా. ఎవరు కోసినారో అని వాడు క్యాంపంతా అడిగె. ఎండిందనుకోని ఎవరో కోసింటార్లేప్పా అన్న్యా. నేనే అన్న్యా."

"గీకి చూసినావా?"

బొటనవేలి గోరు చూసుకున్నాడు. "చూసినా. పచ్చగుండె."

అప్పుడు నేనిచ్చిన సలహా రాయడానికి చెయ్యి రావడం లేదు. "చూడలేదని చెప్పు. పొరపాటంటే ఎవరైనా మన్నిస్తారు" అన్నాను. ఇన్ని పుస్తకాలు చదివి, ఇన్ని రేవులు దాటి, నా దగ్గర ఉన్నది అదీ.

దస్తగిరి మమ్మల్ని చూసి గరిటె వదిలి వచ్చాడు. "ఏం రాజరత్నం, నీ పెండ్లాం ఊరికి రానీకి నీకు వీసా గావల్నా? కూచోండప్పా."

రాజరత్నం కూర్చోలేదు. జేబులోంచి సుర్మా బరిణె తీసి బల్ల మీద పెట్టాడు. పేరు రాయని ముక్కతో చేసింది. దస్తగిరి మూత తిప్పి చూశాడు. "బలే తీసినావే. ఏం కట్టె?"

"నీ చెట్టే. కోసింది నేనేప్పా."

దస్తగిరి మొహంలో నవ్వు వెంటనే పోలేదు, మెల్లగా పోయింది. "ఎండిందనుకున్న్యావా?" అన్నాడు. ఆ మాటతో వాడే ఇతనికి దారి చూపిస్తున్నట్టు ఉంది. "కొమ్మ కొమ్మా గీకేటోనివి గదా నువ్వు. దాన్ని గీకి చూడలేదా?"

నేను తల వంచుకున్నాను, చూడలేదంటాడని.

"చూసినా. పచ్చగుండె. తెలిసే కోసినా."

పొయ్యి మీద పాలు పొంగాయి. దస్తగిరి పోయి దించి వచ్చాడు.

"దేంతో కోసినావు?"

"రంపంతో."

"ఎంతసేపు పట్టె?"

"కాసేపు."

"కాసేపంటే తక్కువేం గాదప్పా. నడుమ ఆపొచ్చు."

ఇద్దరికీ టీ పోశాడు దస్తగిరి, నాకూ తనకూ. బరిణె వెనక్కి ఇవ్వలేదు, దగ్గరికి తీసుకోనూ లేదు. నేను తాగాను. రాజరత్నం చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాడు. అబద్ధం చెప్పమన్నవాడికి టీ, నిజం చెప్పినవాడికి ఏమీ లేదు. ఆ గ్లాసు పక్కకు తోసేయాలని నాకు తోచలేదు. బస్సు ఎక్కాక తోచింది.